అడ్డం తిరిగిన స్క్రీన్

పిచ్చుక ప్రాణం తీసింది తుపాకీ గుండే కానీ, ఆ గుండుకి దారి చూపించింది మాత్రం ఒక నోటిఫికేషన్.

విదేశీ ముఠాకి ఇక్కడ పనులు చక్కబెట్టేవాడి పేరు కాంట్రాక్టర్. వాడి గదిలోనే, కర్టెన్ వెనక, ఊపిరి బిగబట్టి నిల్చుంది ఏజెంట్ పిచ్చుక. ఫోన్ సైలెంట్‌లో పెట్టింది. పెట్టానా లేదా అని మళ్లీ చూసుకుంది కూడా. ముఠా తన దగ్గర రహస్యాలు కొనేవాళ్ల కోసం ఒక సొంత యాప్ చేయించుకుంది. కొనేదాని వేషంలో ఆ యాప్ పెట్టుకునే ఆమె ఇక్కడిదాకా రాగలిగింది.

ఆ యాప్‌కి సైలెంట్ అంటే ఏంటో తెలీదు. ఫోన్‌లో ఎంత గొంతుందో అంతా తీసి అలారంలా అరిచింది: "కొత్త సరుకు వచ్చింది! వెంటనే చూడండి!"

కాంట్రాక్టర్ కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. కూర్చున్న చోటి నుంచే కర్టెన్ మీదికి కాల్చాడు. తర్వాత కాఫీ పూర్తిచేశాడు.

*

"కూర్చో అమ్మాయ్," అన్నాడు చీఫ్.

"నిలబడే వింటాను సర్."

ఆమె పిచ్చుక చెల్లెలు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ చీమ అంటారు. మనిషి పొట్టి, మాట తక్కువ, కుట్టిందంటే మాత్రం వాచిపోవాల్సిందే. అక్క పోయాక ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. అది చీఫ్‌కి ఏడుపుకన్నా ఎక్కువ భయంగా ఉంది.

"కాంట్రాక్టర్ చేతికి మనవాళ్ల ఆచూకీ చిక్కింది. మారువేషాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఎక్కడున్నారో వాడికి తెలుసు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి యాప్‌లో అమ్మేస్తున్నాడు. కొనేవాళ్లు మనవాళ్లని ఏం చేస్తారో నీకు చెప్పక్కర్లేదు."

"బావ కూడా ఉన్నాడా?"

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పిచ్చుక మొగుడు ఓడరేవులో క్రేన్ ఆపరేటర్ వేషంలో ఉన్నాడు. భార్య చనిపోయిన సంగతి కూడా ఇంకా తెలీదతనికి. వేషంలో ఉన్నవాళ్లు తమంతట తాము పలకరిస్తే తప్ప డిపార్ట్‌మెంట్ పలకరించకూడదు. పలకరించే దారి కూడా ఉంచరు.

"ఉన్నాడు. వాళ్ల పాపకి అమ్మ ఎలాగూ లేదు. కనీసం..." చీఫ్ మాట మింగేశాడు. "కాంట్రాక్టర్‌ని ప్రాణాలతో తీసుకురా. కోర్టులో నిలబెట్టాలి."

"తెస్తానని మాటివ్వలేను సర్."

"అమ్మాయ్, పగ వేరు, డ్యూటీ వేరు."

"ఇవాళ రెండూ ఒకే అడ్రస్‌లో ఉన్నాయి. ఆ అడ్రస్ ఒక్కటే కావాలి నాకు."

ముఠాలో డిపార్ట్‌మెంట్‌కి ఒక మనిషి ఉంది: నెమలి. పార్టీల్లో ఆమె అడుగుపెడితే వాయించేవాళ్లు తాళం తప్పుతారని ప్రతీతి. యాప్ కాపీ తెచ్చి ఇచ్చింది ఆమే. ఇప్పుడు మాత్రం ఫోన్ ఎత్తడంలేదు.

చీమ ఆ కాపీని లాప్‌టాప్‌లోకి ఎక్కించి, విప్పి, లోపలి కోడ్ చదవడం మొదలుపెట్టింది. కాసేపటికి చిన్నగా నవ్వింది. అక్క పోయాక అదే మొదటి నవ్వు, అదీ అంత బాగున్న నవ్వేం కాదు.

"సర్, ముఠా సర్వర్ పాస్‌వర్డ్ ఇక్కడే రాసుంది. కోడ్‌లోనే. పక్కన నోట్ కూడా పెట్టుకున్నారు: 'తర్వాత తీసెయ్యాలి' అని."

"తియ్యలేదా?"

"తర్వాత అంటే ఎప్పటికీ తియ్యరని సర్. తలుపుకి పెద్ద తాళమేసి, తాళంచెవి ఆ తాళానికే వేలాడదీసి ఊరెళ్లిపోయారు." ఆమె ఇంకొంచెం కిందికి చదివింది. "పర్మిషన్లు చూడండి. కెమెరా, మైకు, లొకేషన్, కాలెండర్... ఎవరో అ ఆలు దిద్దుకునేవాళ్లు రాశారిది. కొత్తవాళ్లకి ఏది కావాలో తెలీదు, అన్నీ అడిగేస్తారు. వాడేవాడికి చదివే ఓపికుండదు, అన్నిటికీ ఓకే కొట్టేస్తాడు."

"కాంట్రాక్టర్ కూడానా?"

"మహారాజులా కొట్టాడు. తను ఎక్కడున్నాడో తన సర్వర్‌కి తనే నిమిష నిమిషానికీ విన్నవించుకుంటున్నాడు."

లాప్‌టాప్ మీద మ్యాప్ తెరుచుకుంది. ఒక ఆఫీసు బిల్డింగ్ మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. చీమ తుపాకీ లోడ్ చేసుకుంది.

"ప్రాణాలతో!" అని వెనకనుంచి అరిచాడు చీఫ్.

తలుపు అప్పటికే మూసుకుంది.

*

ఏసీ మెకానిక్‌ని ఎవరూ ఆపరు, ముఖ్యంగా ఏసీ పనిచెయ్యని రోజు. చీమ ముందు డాబా మీదికెళ్లి ఆ అంతస్తు ఏసీ వైరు పీకింది. తర్వాత నీలం యూనిఫాంలో, భుజాన టూల్ బ్యాగుతో, విసుగుమొహం పెట్టుకుని లిఫ్ట్ దిగింది. సెక్యూరిటీవాడు చెమట తుడుచుకుంటూ దేవతని చూసినట్టు చూసి తలుపు తీశాడు.

లోపల పొడవాటి బల్ల. దాని మీద స్టాండ్‌కి నిలువుగా ఆనించిన టాబ్లెట్. దాని ముందు కాంట్రాక్టర్, చొక్కా చేతులు మడిచి, ఒక్క వేలితో టైపు చేస్తున్నాడు. చీమ ఏసీ వైపు తిరిగింది. బ్యాగులో చెయ్యి పెట్టింది.

"యూనిఫాం బాగా నప్పింది చీమా," అంది వెనకనుంచి ఒక తీయని గొంతు. "భుజాల దగ్గర కొంచెం లూజు, అంతే."

పచ్చటి పట్టు గౌను, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో చిన్న తుపాకీ. నెమలి.

కాసేపట్లో చీమ కుర్చీలో ఉంది, చేతులు వెనక్కి ప్లాస్టిక్ పట్టీతో కట్టేసి. టూల్ బ్యాగ్ కిటికీ పక్కకి పోయింది. వాచీ మాత్రం ఎవరూ తియ్యలేదు. దాని బెల్టు లోపలి అంచు బ్లేడు. పని అవుతుంది కానీ నెమ్మదిగా అవుతుంది.

"మావాళ్ల ఆచూకీ అమ్మింది నువ్వేనా?" అంది చీమ, మణికట్టు సన్నగా కదుపుతూ.

"రెండువైపులా జీతం తీసుకున్నాక రెండువైపులా పనిచెయ్యాలి కదా."

"మా అక్కని?"

నెమలి మొహంలో రంగు మారింది. "అది మాత్రం నేను కావాలని చెయ్యలేదు. ఒట్టు. ఆ సౌండ్..."

"ఈ యాప్ నువ్వే రాశావా?"

"ఆన్‌లైన్‌లో కోర్సు చూసి. సగం చూశా. నోటిఫికేషన్ సౌండ్ ఎలా తగ్గించాలో మిగతా సగంలో ఉందనుకుంటా."

అక్క ఎంతమంది గురిలోంచి తప్పించుకుందో చీమకి తెలుసు. చివరికి ఎవరో సగంలో ఆపేసిన పాఠం చంపింది. ఆ కోపాన్నంతా పట్టీ కోసే చేతిలోకి పంపింది.

"ఏడుపులు తర్వాత," అన్నాడు కాంట్రాక్టర్. "పొద్దుట్నుంచి కూర్చుని ఒక్కో పేరూ, ఒక్కో చోటూ నా చేత్తో ఎక్కించా. ఎవర్నీ నమ్మను కదా నేను. కాగితాలు కాల్చేశా, ఈ నెమలి తెచ్చిన పెన్‌డ్రైవ్ విరిచేశా. ఇప్పుడు లోకం మొత్తంలో ఉన్నది ఈ ఒక్క టాబ్లెట్‌లోనే." పంపు బటన్ నొక్కాడు. స్క్రీన్ మీద పచ్చగీత కదలడం మొదలైంది. పైన ఆ చోట్లన్నీ చూపిస్తూ అగ్గిపెట్టంత మ్యాప్.

వాడు ఇంకో బటన్ నొక్కబోయాడు. పనిచెయ్యలేదు. మళ్లీ నొక్కాడు. స్క్రీన్ కొయ్యబారిపోయి ఉంది, గీత ఒక్కటే పాకుతోంది.

"అది అంతే. పంపుతున్నప్పుడు ఏదీ పనిచెయ్యదు," అంది నెమలి. "ముట్టుకోకు."

చీమ ఆ మాట దగ్గర ఆగింది. ఈ ఉద్యోగంలోకి రాకముందు ఆమె కూడా యాప్‌లు రాసింది. పంపే పనిని కూడా స్క్రీన్ నెత్తినే పెట్టారు కాబట్టి స్క్రీన్ బిగుసుకుంది. ఇంత తెలీనివాళ్లకి ఇంకొకటి కూడా తెలీదు. బటన్లు బిగుసుకున్నా సరే, టాబ్లెట్ నిలువు నుంచి అడ్డంగా తిరిగితే, ఆ పేజీని మొత్తం చంపేసి కొత్తగా పుట్టిస్తుంది. పాత పేజీలో ఉన్న సమాచారం ముందే ఎక్కడైనా దాచాలి. దాచకపోతే అదీ, సగం పంపిందీ ఆ పేజీతోపాటే కాటికి పోతాయి. కొత్తవాళ్లందరికీ ఒకసారి తగిలే దెబ్బ ఇది. కంప్యూటర్ ముందు కూర్చుని యాప్ రాసే మనిషికి దాన్ని తిప్పి చూడాలనే ఆలోచనే రాదు.

పట్టీ ఇంకా తెగలేదు. పచ్చగీత ముప్పాతిక దాటింది.

"ఒక్కటి అడుగుతా," అంది చీమ. గొంతు వణికించింది, వణికించడానికి పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. "మా బావ ఎక్కడున్నాడో నాకే తెలీదు. చావబోయేముందు ఒకసారి చూపించు."

కాంట్రాక్టర్ కళ్లు మెరిశాయి. చంపడంకన్నా చంపబోతున్నానని చూపించుకోవడం ఇష్టం వాడికి. టాబ్లెట్ తీసి ఆమె మొహం ముందు పెట్టాడు. "ఇదిగో. ఈ చుక్క."

"ఇంత చిన్నగా ఉంటే ఏం కనబడుతుంది? నాకసలే దగ్గర చూపు ఆనదు."

"ముట్టుకోకన్నానా!" అని నెమలి అరిచే లోపు, గీత చివరికి వెంట్రుకవాసి దూరంలో ఉండగా, మ్యాప్ పెద్దదవుతుందని కాంట్రాక్టర్ టాబ్లెట్‌ని అడ్డంగా తిప్పాడు.

స్క్రీన్ తెల్లబడింది.

గీత లేదు. మ్యాప్ లేదు. ఖాళీ గడులు మూడు ప్రత్యక్షమయ్యాయి: పేరు, చోటు, వివరాలు.

కాంట్రాక్టర్ టాబ్లెట్‌ని మళ్లీ నిలువుగా తిప్పాడు. ఇంకోసారి ఖాళీగా పుట్టింది. "ఏదీ నేను టైపు చేసింది?"

"నువ్వే కదా తిప్పావ్!"

"సేవ్ అవ్వలేదా?"

"సేవ్ చెయ్యమని నువ్వు చెప్పలేదు!"

"అది కూడా చెప్పాలా?"

ప్రపంచంలో యాప్ చేయించుకునే ప్రతివాడూ, చేసే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు పడే గొడవే అది. వాళ్లు దాంట్లో మునిగి ఉండగా పట్టీ తెగింది. చీమ కుర్చీతో నెమలి చెయ్యి మీద కొట్టింది, తుపాకీ ఎగిరిపడింది. కాంట్రాక్టర్ జేబులోకి చెయ్యి పోనిచ్చే లోపు ఆమె బల్ల మీదుగా వచ్చి వాడి మోకాలి మీద తన్నింది. ఎముక చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు కోసం ఆమె చాలా రాత్రులు మేలుకుని ఎదురుచూసింది.

టూల్ బ్యాగులోంచి బేడీ తీసి వాడి మణికట్టుకీ గోడ పైపుకీ కలిపి వేసింది. కిందపడ్డ తుపాకీ అందుకుని వాడి నుదుటికి ఆనించింది.

వాడు కళ్లు మూసుకున్నాడు.

తుపాకీ వెనక్కి తీసింది. "వద్దులే. నిన్ను చంపి పాపకి ఏం చెప్పను?" ఫోన్ తీసి, కోడ్‌లో దొరికిన ఆ పాస్‌వర్డ్‌తోనే ముఠా సర్వర్ తెరిచింది. "నీ కస్టమర్లు పాపం సరుకు కోసం కాచుకుని ఉన్నారు. వాళ్లకి కబురు పెట్టాలిగా."

అందరికీ ఒకే నోటిఫికేషన్ టైపు చేసి, వాడికి చదివి వినిపించింది: "సరుకు లేదు. మీ అందరి ఆచూకీ పోలీసులకి అమ్మేశాను. ఇట్లు, కాంట్రాక్టర్." కింద బిల్డింగ్ మ్యాప్ పెట్టి పంపింది.

ఊళ్లో ఎక్కడెక్కడో ఫోన్లు సైలెంట్‌ని లెక్కచెయ్యకుండా అలారాల్లా అరిచాయి.

కాంట్రాక్టర్ మొహం పాలిపోయింది. "నన్ను అరెస్ట్ చెయ్యి! కోర్టుకి తీసుకెళ్లు! అన్నీ చెప్తా!"

"మా చీఫ్‌ది కూడా అదే కోరిక."

నెమలి రెక్క పట్టుకుని లేపింది. ఒక చెప్పు మడమ విరిగి ఆమె కుంటుతోంది. "నన్నేం చేస్తావ్?" అంది.

"అక్కని కావాలని చంపలేదన్నావ్. నమ్ముతున్నా. అందుకే నిన్ను వెంట తీసుకెళ్తున్నా."

వాళ్లు వెనక మెట్లు దిగుతుంటే, ముందువైపు నల్లటి కార్లు వరసగా ఆగాయి.

*

చీఫ్ మనుషులు వెళ్లేసరికి, కొనడానికొచ్చినవాళ్లు మొత్తం ఆ గదిలోనే దొరికారు. ఒకరి మీద ఒకరు తుపాకులు గురిపెట్టుకుని ఉన్నారట. అందరూ ప్రాణాలతో చిక్కారు, కాంట్రాక్టర్ తప్ప.

రేవులో క్రేన్ ఎప్పటిలాగే తిరుగుతోందని కబురొచ్చింది. చీమ ఆ ఒక్క ముక్కా రెండోసారి చెప్పించుకుంది.

"వాడికి బేడీ వేసిన వెంటనే నాకు ఫోన్ చెయ్యాల్సింది కదా," అన్నాడు చీఫ్. "అంతసేపు ఏం చేశావ్?"

"సిగ్నల్ లేదు సర్."

చీఫ్ బల్ల మీదున్న ఆమె ఫోన్ వైపు చూశాడు. గీతలు నిండుగా ఉన్నాయి. ఆయన కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"అవును," అన్నాడు, "ఆ ఏరియాలో నాకూ అంతే."