మూడో పిలుపు

“ఎవ్వరు లేరమ్మా. ఒక్కన్నే వచ్చిన,” అన్నాడు మిథున్ ఫోన్లో.

పక్కనే బండ మీద కూర్చుని షూ లేసు కట్టుకుంటున్న ఉమ తలెత్తి చూసింది. లేచి, బ్యాగు భుజాన వేసుకుని, గుట్ట మీది ఎదుటి శిఖరం వైపు నడిచింది.

ఇద్దరూ భూపాలపల్లిలో ఒకే కాలేజీలో లెక్చరర్లు. ఆమెది గంగారం దగ్గరి తండా, అతనిది జనగామ. “ఈ వారం మన సంగతి మా అమ్మకు చెప్త” అని అతను అనడం, ఆ వారం గడిచిపోవడం మామూలైపోయింది. పొద్దున గుట్ట ఎక్కుతూ ఆమె ఒకటే మాట అంది: “దిగేలోపు చెప్పకపోతే, ఇగ ఎన్నడు చెప్పకు.”

“ఉమా, జర ఆగు. మెల్లగ చెప్త గద,” ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి అన్నాడు.

“లేని మనిషితోటి మాటలేంది?” వెనక్కి తిరగకుండానే అంది.

ఫోన్ పెట్టేసి అతను లేచేలోపే మంచు దిగింది. మొదట కింది చెట్లు పోయాయి, తర్వాత ఎదుటి శిఖరం, ఆ తర్వాత ఉమ నీలం చున్నీ. రాత్రి వానకు బండలు జారుతున్నాయి. రెండు శిఖరాల మధ్య ఎక్కడో నిలువునా పగులు ఉంది.

“ఉమా...”

జవాబు లేదు. కోపమనుకున్నాడు. అంతలో ఎక్కడో రాయి జారింది. చాలాసేపు దొర్లుతూనే ఉంది.

“ఉమా...” ఈసారి ఇంకాస్త గట్టిగా పిలిచాడు.

ఏమీ లేదు. చేతిలో ఫోన్ మోగింది. మళ్లీ అమ్మే.

“ఆడ వాన పడ్తాందా? గొడుగు తీస్కవోయినవారా?”

“అమ్మా, అబద్ధం చెప్పిన. ఒక్కన్నే రాలే. ఉమ అని, మా కాలేజీలనే. పెండ్లి చేసుకుంటే ఆమెనే చేసుకుంట. గిప్పుడు మంచుల కనవడ్తలేదు, పిలిస్తే పలుకుతలేదు. నాకు భయమైతాందమ్మా.”

“మరి నాతోటి ముచ్చట పెడ్తవేందిరా? గా పిల్లను పిలువు.”

ఉన్న ఊపిరంతా పెట్టి పిలిచాడు.

“ఓ...”

నాలుగడుగుల దూరంలోంచే. గొంతు వచ్చిన వైపు పాకి చూశాడు. పగులుకు అవతల, బండకు వీపు ఆనించి కూర్చుని ఉంది ఉమ. దాటేటప్పుడు కాలి కింది రాయి పోయింది గానీ, బండ సందులో మొలిచిన ఓ పిచ్చిమొక్క చేతికి దొరికింది.

“గింత దగ్గర ఉండి పలకవేంది?”

“గుట్ట మీద కనవడకుంట ఎవలన్న పిలిస్తే, మూడోసారి దాక పలకొద్దని మా యాడి చిన్నప్పటి సంది చెప్పింది. పిలిచేది మనిషో కాదో తెల్వదని.”

“ఫిజిక్స్ చెప్తవు నువ్వు.”

“చెప్త. అమ్మ మాట అమ్మ మాటనే.” “రెండుసార్లు పిలిచి ఆగినవేంది? ఇగ పిలువవనుకున్న.”

ఫోన్ పక్కన పెట్టి, బోర్లా పడుకుని అతను చెయ్యి చాచాడు. ఆమె వెంటనే పట్టుకోలేదు.

“ఫోన్ల చెప్పింది నిజమేనా?”

“విన్నవా?”

“మంచు కండ్లకే గని చెవులకు కాదు గద.”

“నిజమే ఉమా.”

చెయ్యి అందుకుని దాటింది. చల్లబడిన వేళ్లను అతను వదల్లేదు.

బండ మీద ఫోన్ ఇంకా మాట్లాడుతోంది. “దొరికిందారా? అరేయ్, చెప్పు. నా పానం కొట్టుకుంటాంది.”

మిథున్ ఫోన్ తీసి ఉమకిచ్చాడు. ఏమని పిలవాలో తెలియక ఆమె ఒకసారి అతని ముఖం చూసింది.

“దొరికిన, అత్తమ్మా,” అంది.