మతి తూచే యంత్రం

పైడితల్లి మైకు ముందు కూర్చుని, "ప్రజా శ్రేయస్సు దృష్ట్యా తగు చర్యలు చేపట్టడమైనది" అంది. ఆమె లేచాక వార్డులోని ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి అలాంటి మాటలే చెప్పి వెళ్లారు. యంత్రం అన్నిటినీ శ్రద్ధగా నేర్చుకుంది.

దాని పేరు మతిమాన్. నీలతీరం నగరంలోని మానసిక చికిత్సాలయంలో డాక్టర్ పరమేశం తయారుచేశాడు. అది పనిచేసే తీరు తేలికే. రోగుల మాటల్ని వారం వారం రికార్డు చేస్తారు. తూకానికి వచ్చిన మనిషి మాట్లాడితే, ఆ మాట వార్డు మాటకి ఎంత దగ్గరో చూసి నూటికి మార్కులు వేస్తుంది. దగ్గరైన కొద్దీ మార్కులు తగ్గుతాయి. ఆరు నెలలు దాటిన రికార్డుల్ని తనే చెరిపేస్తుంది. యాభైకి తక్కువ వస్తే ఆ మనిషి సంతకం చెల్లదు, వార్డు దాటి వెళ్లకూడదు, ఏడాది దాకా మళ్లీ తూచరు, అప్పీలూ లేదు. చట్టాన్ని అలా రాయించింది కూడా పరమేశమే.

పైడితల్లి కవయిత్రి. చిన్నప్పటి నుంచీ ఆమెకి గొంతులు వినిపిస్తాయి. వాటితో పోట్లాడి, బుజ్జగించి, వాటి మాటల్లోంచే కవితలు అల్లేది. వార్డులో శనివారాలు కవుల కూటమి నడిపేది. అక్కడ నేను పిచ్చిదాన్నని చెప్పుకోవడం సిగ్గు కాదు, సొంతూరి పేరు చెప్పుకున్నట్టే. డాక్టరు ఆ కూటమి రికార్డులన్నీ యంత్రానికి పాఠాలుగా పెట్టాడు. దాంతో ఊళ్లో ఎవరు కవిత్వంలా మాట్లాడినా మార్కులు పడిపోయేవి.

అదైనా ఓర్చుకునేదేమో. జకీరా సంగతి మాత్రం ఓర్చుకోలేకపోయింది. పక్క మంచం మనిషి జకీరా, వార్డు గోడల నిండా చేపలు గీసేది. తన తూకం నాడు మైకు ముందు, నా చేపలకి దాహమేస్తోంది అంది. ఇరవై రెండు వచ్చింది. ఆమె వద్దన్న మందుకి ఆమె బదులు డాక్టరే సంతకం పెట్టాడు. నెల తిరిగేసరికి చేతులు వణికి కుంచె నిలవలేదు. మందు ఆపమని పైడితల్లి వెళ్లి అడిగితే ఆయన కోప్పడలేదు.

"బొమ్మలు రోగలక్షణం, అమ్మా. లక్షణం తగ్గిందంటే మందు పనిచేస్తున్నట్టే" అన్నాడు.

ఆ వారమే కూటమి కవితలు మానేసింది. వార్డు స్పీకరులో రోజూ వచ్చే డాక్టరు ఉపన్యాసాల్ని అందరూ బట్టీపట్టి, ఏడు నెలల పాటు మైకుకి అవే అప్పజెప్పారు. రోగులు బాగుపడుతున్నారని సిబ్బంది సంబరపడ్డారు.

యంత్రం వార్షికోత్సవం నాడు, మంత్రి ఎదుట, డాక్టరు మతిమాన్ మైకులోనే ప్రసంగం మొదలుపెట్టాడు. తెర మీద ముప్పై ఒకటి పడింది. ఆయన నవ్వి, సాంకేతిక లోపం గురించి ఓపిగ్గా వివరించాడు. ఇరవై నాలుగుకి దిగింది. సాయంత్రానికల్లా ఆయనకి మగవాళ్ల వార్డులో మంచం వేశారు. యంత్రాన్ని సరిచేయాలని నివేదిక చదివిన ఇంజనీరుకి నలభై వచ్చింది. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పలేదు.

కొన్నాళ్లకి పైడితల్లి వంతు వచ్చింది. తన కవిత తను చదివింది. తొంభై ఒకటి. సంతకం తిరిగొచ్చింది, దానితోపాటు ప్రభుత్వోద్యోగం కూడా. అధికారులకి కవిత్వం నేర్పాలి, మైకు దగ్గర కూర్చుని వాళ్లని తూచాలి. ఆమె మొదట చేసిన పని జకీరా మందు మాన్పించడం. మందు ఆగింది గాని వణుకు ఆగలేదు.

ఏడాది తిరిగాక డాక్టరుని తీసుకొచ్చారు. చిక్కిపోయాడు. గౌరవనీయ అధికారిణి గారికి విన్నవించునది ఏమనగా అని మొదలుపెట్టాడు. పంతొమ్మిది. ఆయన ఆగాడు. నేలకేసి చూస్తూ, తనలో తనే అనుకున్నట్టు మెల్లగా అన్నాడు:

"పొద్దున్న అద్దంలో ఎవరూ లేరు. అయినా గడ్డం గీసుకున్నాను. ఆ నురగ కింద ఎవరో ఏడుస్తున్నారు."

అంకె కదిలింది. ముప్పై. నలభై. నిజమైన కవిత అంటే ఏమిటో పైడితల్లికి తెలుసు, ఇది అదే. ఇంకొక్క పాదం చాలు, ఈ మనిషి ఇంటికి వెళ్లిపోతాడు. నలభై ఆరు. డాక్టరు తలెత్తి, మళ్లీ నోరు తెరిచాడు.

ఆమె మైకు వైరు లాగేసింది.

"వచ్చే ఏడాది రండి, డాక్టరు గారూ" అని, తర్వాతి మనిషిని పిలవమంది. గుమ్మంలో తహసీల్దారు, చెమటలు తుడుచుకుంటూ, వాన మీద రాసుకొచ్చిన నాలుగు పాదాల్నీ నెమరువేసుకుంటున్నాడు.