చివరి దీపాల దాకా

ప్లాట్‌ఫారం మీద ఎవరో లంచ్ డబ్బాల బుట్ట జారవిడిచారు. అందరూ అటు తిరిగారు. ఏజెంట్ కుజే కూడా తిరిగాడు. మళ్ళీ ఇటు చూసేసరికి, తాను కాపలా కాస్తున్న మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. మెడ మీద దోమ కుట్టినంత మచ్చ. అప్పుడు నడి చలికాలం. ఆ మంచులో దోమలుండవు.

చచ్చినవాడి పేరు ఉత్సుమి. పరాయి దేశపు ముఠాలో దుబాసీగా చేరి, అక్కడ జరిగేవి కడుపులో ఇమడక ప్రభుత్వం వైపు వచ్చేశాడు. ముఠా నాయకుడి ముఖం చూసి, కోర్టులో సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నవాళ్ళు ఇద్దరే. అతనూ, అతని చెల్లెలు చియో. ఇప్పుడు చియో ఒక్కతే మిగిలింది.

టోక్యోలో చీఫ్ నెగిషి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని కుజేకి అనిపించింది. చియో సముద్రం ఒడ్డున తోగిషి అనే ఊళ్ళో దాక్కుని ఉందనీ, మంచుకి రోడ్లన్నీ మూసుకుపోయాయనీ, ఎక్స్‌ప్రెస్ ఎక్కించి కోర్టుకి తీసుకురావాలనీ చెప్పాడు. కుజే స్టేషన్ ఉద్యోగి వేషంలో ప్లాట్‌ఫారం మీద ఉండాలి. పెట్టెలో మఫ్టీ మనుషులు ఇద్దరుంటారు. ముఠాలో మన మనిషి ఒకత్తె ఉంది, రింకా, క్లబ్బులో పాడుతుంది. కబురు ఆమె అందిస్తుంది.

"వాళ్ళ ఆయుధం విషపు సూది కాదు కుజే," అన్నాడు నెగిషి. "సూది తర్వాత. ముందు మన ధ్యాస లాక్కుంటారు. అది పోయాక మనిషిని చంపడం ఎంతసేపు?"

ఆయన ఒక లంచ్ డబ్బా చేతికిచ్చాడు. పైన చెక్క మూత. లోపల అన్నం లేదు, రేడియో ఉంది. కుజే ఆ డబ్బాని ఒకసారి బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకున్నాడు.

తోగిషి స్టేషన్లో పని నేర్పింది ఇనోకుమా. రేపో మాపో రిటైర్ కాబోయే ముసలాయన. రైలు వచ్చినా, కదిలినా, చూసే ప్రతిదానికీ తెల్ల గ్లౌజు వేలు చాపి పైకి చెప్పాలి. డోర్లు, సరే. సిగ్నల్, సరే. ప్లాట్‌ఫారం అంచు, సరే. ఆఖరున రైలు వెనక ఎర్ర దీపాలు, సరే. కుజేకి సిగ్గేసింది. గొణిగాడు.

"పెళ్ళిచూపులకొచ్చావా ఏమిటయ్యా," అన్నాడు ఇనోకుమా. "గట్టిగా చెప్పు. నీకోసం కాదు, నీ చెవి కోసం."

ధ్యాస పిల్లిలాంటిదని ముసలాయన చెప్పాడు. ఒక తాడుకి నిలవదు. అందుకని కంటినీ, చేతినీ, నోటినీ, చెవినీ ఒకే గుంజకి కట్టాలి. నాలుగూ ఒక చోట ఉంటే మనసు అక్కడే ఉంటుంది. కుజే వేలు చాపినప్పుడల్లా ఆయన వెనక నిలబడి పెనం మీద గరిటెతో కొట్టేవాడు. మొదట్లో కుజే ప్రతిసారీ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"తిరగడం తప్పు కాదు," అన్నాడు ముసలాయన. "తిరిగానని తెలియకపోవడం తప్పు. తెలిసిన చోటి నుంచే వెనక్కి తెచ్చుకో. ఆకాశం ఊడిపడనీ, వరస మధ్యలో ఆపకు. చివరి దీపాల దాకా వెళ్ళు."

కుజే ఇల్లు లేని మనిషిలా ప్లాట్‌ఫారం మీదే ఉండి నేర్చుకున్నాడు. స్నానానికి వెళ్ళినా సబ్బుకి వేలు చాపాడు. కొన్నాళ్ళకి పెనం మోత వినపడుతూనే ఉన్నా మెడ తిరగడం మానేసింది.

ప్రయాణం రోజు పొద్దున టీ కొట్లో రింకా కలిసింది. ఆమె లోపలికి రాగానే తాగుతున్నవాళ్ళు తాగడం ఆపారు. అలాంటి మనిషి. కుజే పక్క బల్ల దగ్గర కూర్చుని, ఎవరితోనూ కానట్టు అంది.

"ఈ ఏడు పీతలు బక్కగా ఉన్నాయి."

"మంచు ఎక్కువైతే పెంకే బరువు," అన్నాడు కుజే.

గుర్తుమాట కలిసింది. లంచ్ డబ్బాలమ్మేవాడి వేషంలో వస్తారనీ, బుట్ట మీద కన్నుంచమనీ మెల్లగా చెప్పి ఆమె లేచిపోయింది. సెంటు వాసన చాలాసేపు పోలేదు. కుజేకి మాత్రం ఒకటి అంతుపట్టలేదు. ఒకసారి ఆడిన ఆట మళ్ళీ అలాగే ఎందుకు ఆడతారు?

వెయిటింగ్ రూములో చియో పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మెడ చుట్టూ మగవాళ్ళ మఫ్లరు. అన్నదే అయి ఉంటుంది. రైలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోవాలనీ, అద్దం పైకెత్తకూడదనీ కుజే చెప్పాడు. ఆమె అన్నీ విని ఒక్కటే అడిగింది.

"మా అన్నయ్య పోయినప్పుడు మీరు ఎటు చూస్తున్నారు?"

కుజే అబద్ధమాడలేదు. "లంచ్ డబ్బాల వైపు," అన్నాడు.

ఆమె మఫ్లరు ఇంకో చుట్టు చుట్టుకుంది. "ఇవాళ నన్ను చూడండి," అంది.

ఎక్స్‌ప్రెస్ మంచు దులుపుకుంటూ వచ్చి ఆగింది. చియో ఎక్కింది, కిటికీ దగ్గర కూర్చుంది. కుజే ఆ కిటికీ పక్కనే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు, ఎడమ చేతిలో డబ్బా. లంచ్ అమ్మేవాడు బుట్టతో వచ్చాడు. పెట్టెలో మఫ్టీ మనుషులిద్దరూ వాణ్ణే చూస్తున్నారు. వాడు నిజంగానే లంచ్ అమ్ముకునేవాడు.

బెల్లు మోగింది. కుజే కుడి వేలు చాపాడు. డోర్లు, సరే. సిగ్నల్, సరే.

ఇంజను వైపు మెట్ల మీద నుంచి ఒక కేక వచ్చింది. సామాను పెట్టెలు దొర్లాయి. ఒక ఆడమనిషి మెట్ల మీద నుంచి పడుతోంది. ప్లాట్‌ఫారమంతా అటు తిరిగింది. లంచ్ అమ్మేవాడు తిరిగాడు. మఫ్టీ మనుషులు తిరిగారు. చియో అద్దం పైకెత్తి తల బయటపెట్టింది.

కుజే మెడ తిరగబోయింది. తిరగబోతోందని అతనికి తెలిసింది. అప్పటికే వేలు వెనక పెట్టెల వైపు వెళ్తోంది. వేలి వెంట కన్ను వెళ్ళింది. ప్లాట్‌ఫారం అంచు, సరే.

రైలు చివర గార్డు నిలబడి ఉన్నాడు. అతనూ వేలు చాపాడు, సిగ్నల్ వైపు. వేలు తిన్నగానే ఉంది. కళ్ళు మాత్రం వేలి మీద లేవు. చియో తల మీద ఉన్నాయి. రెండో చేతిలో చుట్టిన పచ్చజెండా. దాని కర్ర కిటికీల వరసకి గురిపెట్టి ఉంది. కర్ర చివర చిన్న బెజ్జం.

ఉద్యోగంలో పుట్టి పెరిగిన గార్డెవడూ చూడని చోటికి వేలు చాపడు.

కుజే ఎడమ చేతిలోని డబ్బా చియో ముఖానికి అడ్డం పెట్టాడు. టక్కుమని చిన్న చప్పుడు. చెక్క మూతలో సూది దిగింది. లోపల రేడియో గురగురలాడింది. కుజే ఈల వేస్తూనే చియోని లోపలికి తోసి అద్దం దించాడు. ఈల విని మఫ్టీ మనుషులు పెట్టెలోంచి వెనక్కి పరిగెత్తి గార్డు వేషంలో ఉన్నవాణ్ణి పట్టాల మీదే పడేశారు. అసలు గార్డు చేతులు కట్టేసి పార్సిల్ పెట్టెలో దొరికాడు, ప్రాణంతోనే.

ప్లాట్‌ఫారం మీద జనం అరుచుకుంటున్నారు. కుజే కుడి వేలు మళ్ళీ చాపాడు. వరస ఇంకా పూర్తి కాలేదు.

"చివరి దీపాలు," అన్నాడు, "సరే."

దూరాన ఇనోకుమా టోపీ సర్దుకున్నాడు. మెచ్చుకోలు అంతే. కిటికీ అద్దం వెనక చియో అతనికి తల వంచి దణ్ణం పెట్టింది.

సాయంత్రం నెగిషి ఫోన్ చేశాడు. చియో కోర్టుకి చేరిందనీ, ఆమె చెప్పిన గుర్తులతో పోలీసులు నాయకుడి ముఖం బొమ్మ గీశారనీ చెప్పాడు. మెట్ల మీద పడ్డది రింకాయే. రెండు వైపులా జీతం తింటోంది. గొడవలో మాయమైంది. చూసినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు, కోటు ఎర్రదని ఒకరు, తెల్లదని ఒకరు.

"అందరికంటే దగ్గర్లో ఉన్నది నువ్వు," అన్నాడు నెగిషి. "ఎలా ఉందో సరిగ్గా చెప్పు."

కుజే ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"దీపాలు రెండూ వెలుగుతున్నాయి సార్," అన్నాడు. "ఎడమ దాని మీద కొంచెం మంచు ఉంది. ఆవిడ సంగతి తెలియదు. ఆవిణ్ణి నేను చూడలేదు."

తర్వాత రింకా ఓడరేవులో పట్టుబడింది. విచారణలో అన్నిటికీ నవ్వుతూ జవాబు చెప్పిందట. కుజే తనని చూడనే లేదన్న మాట ఆమెకి చెప్పినప్పుడు మాత్రం ముఖం మాడ్చుకుందట.