ఏడో లేన్ సాక్షి

పంజాగుట్టలో, మెయిన్ రోడ్డు వెనక సందులో చంద్రిమ కాంప్లెక్స్ అని ఒకటుంది. పైన నాలుగు అంతస్తుల నిండా ఆఫీసులు. కింద రెండు సెల్లార్లు. మొదటి దాంట్లో బండ్లు పెడతారు. రెండో దాంట్లోకి మాత్రం చీకటి పడ్డాక ఎవరూ దిగరు…

ఎందుకని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. లిఫ్టు దానంతటదే కిందికి పోయి తలుపు తెరుచుకుంటుందని ఒకరు. జిమ్ పెడదామని అడ్వాన్సు ఇచ్చిన వాళ్లు మర్నాడే ఫోన్ ఎత్తడం మానేశారని ఇంకొకరు. ఐదుగురు వాచ్‌మన్లు మారారు. ఆరో ఆయన రాజనర్సయ్య తాత మాత్రం నిలబడ్డాడు. కింద ఏముంది తాతా అంటే ఆయనది ఒకటే మాట.

“ఆడుతుండు.”

ఎవరు?

“నాకేం ఎర్క బిడ్డా. ఆడుతుండు — గంతే.”

అక్కడ ఒకప్పుడు బౌలింగ్ ఆడేవాళ్లు. క్రికెట్ బౌలింగ్ కాదు. నున్నటి చెక్క దారి మీద బరువైన బంతి దొర్లించి, అవతలి కొసన నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట. ఎనిమిది లేన్లు ఉండేవి. నాలుగేళ్ల కింద పెద్ద వానకి సెల్లార్‌లోకి నీళ్లు వచ్చి చెక్కంతా ఉబ్బిపోయింది. అప్పటి నుంచీ మూతే.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నిజం చెప్పాలంటే నమ్మే తీరిక లేదు. అమీర్‌పేటలో జావా నేర్పే కోచింగ్ సెంటర్ పైన, లేడీస్ హాస్టల్ కింద, ఒక ఇరుకు గదిలో కూర్చుని ‘బౌలింగ్ సమాచారం’ అనే పక్షపత్రికకి పేజీలు పెడతాను. నా పేరు సుమశ్రీ. బౌలింగ్‌కి తెలుగులో పేపరా అని నవ్వారు కదూ? మా అత్తగారు పదేళ్లుగా నవ్వుతూనే ఉంది, మీరూ నవ్వుకోండి.

ఆ గదిలో ఉండేది ముగ్గురం. సంపాదకుడు వీరవెంకటసత్యనారాయణ గారు, కాకినాడ మనిషి, బ్యాంకులో రిటైరయ్యారు. బేగంపేటలో ఎవరో బౌలింగ్ ఆడుతుంటే ఒక సాయంత్రం చూశారట, ఆ పిచ్చి మళ్లీ వదల్లేదు. రెండో మనిషి నరేందర్, మా ఏకైక రిపోర్టర్. స్కోర్లు రాయడం, ఫొటోలు తీయడం, కట్టలు బండి మీద వేసుకుపోయి పంచడం అన్నీ అతనే. బోరబండ పిల్లాడు, ఇప్పుడు ముప్పై దాటాయి. మూడో మనిషిని నేను.

ఇక చెప్పేది నరేందర్ నోటితో నాకు చెప్పింది. కొంత నేను కళ్లారా చూసింది.

పోయిన నెల సత్యనారాయణ గారు పేపరు నరేందర్‌కి అప్పగించి తప్పుకుందామనుకున్నారు. ఆ సంచికలో పదిహేనేళ్ల రికార్డులన్నీ ఒక పేజీ, ఆ పేజీ అడుగున కొత్త సంపాదకుడిగా నరేందర్ పేరు. నరేందర్ వారం నుంచీ ఆ పేరు వంక చూసుకుని మురిసిపోతున్నాడు. అక్షరం పెద్దది చెయ్యక్కా, కాదు చిన్నది చెయ్యి, కాదు ముందుదే బాగుంది… నా ప్రాణం తోడేశాడు.

పేజీ తెల్లవారుజామున ప్రెస్సుకు పోవాలి. ముందు రోజు సాయంత్రం ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. భూలక్ష్మి. సిరిసిల్ల వాళ్లు. బోరబండలో బట్టలు కుడుతుంది. ఆవిడ భర్త కామరాజు ఓ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. మంచి ఆటగాడు. మూడేళ్ల కింద పోయాడు.

“సార్, రికార్డుల పేజీ ఏస్తున్నరట గద. మా ఆయన మూడొందలు కొట్టిండు. గది సుత ఏయుండ్రి.”

మూడొందలంటే ఈ ఆటలో ఇంక పైన ఏమీ లేదు. పది ఫ్రేములు ఉంటాయి. తొమ్మిదింట్లో తొమ్మిది, పదోదాంట్లో మూడు… మొత్తం పన్నెండు బంతులు వేసి, ప్రతి బంతికీ పది పిన్నులూ పడగొట్టాలి. మా పేపరు పుట్టాక అది సాధించింది ఇద్దరే.

“అమ్మా, మా పేపర్లో 278 అని ఉంది,” అన్నారు సత్యనారాయణ గారు. “నరేందర్ దగ్గరుండి చూసి సంతకం పెట్టాడు.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లీగు పోటీ రోజున రాలేనివాళ్లు ఇంకో రోజు ఒంటరిగా ఆడి స్కోరు ఇవ్వచ్చు. సాక్షి ఒకరు ఉంటే చాలు. కామరాజుకి నైట్ డ్యూటీలు. అందుకని ఓ మంగళవారం రాత్రి చంద్రిమ సెల్లార్‌లో, ఏడో లేన్ మీద ఒక్కడే ఆడాడు, సాక్షిగా నరేందర్ వెళ్లాడు. లేన్ పైన స్కోరు చూపించే తెర అప్పటికి నెలరోజులుగా పనిచేయట్లేదు కాబట్టి స్కోరుకి ఫొటో లేదు. కౌంటర్‌లో మిషను తీసిన షీటు ఒకటే ఉండాలి. పేపరు వాళ్లకి ఇవ్వమని దాన్ని కౌంటర్‌లోనే పెట్టి వెళ్లాడట కామరాజు. నాలుగు రోజులకి పేపరొచ్చింది, 278 అని. ఈలోగా వానొచ్చి సెల్లార్ మూతపడింది.

“నా మొగుడు అబద్ధం ఆడడు సార్,” అంది భూలక్ష్మి. “గా లీగుల అందరూ ‘మూడొందల కామరాజు’ అని ఎక్కిరించిన్రు. ఆట ఇడిసిపెట్టిండు. నవ్వుడు ఇడిసిపెట్టిండు. ఏడాది తిరగలే, గుండె ఆగిపాయె. నాకేం వద్దు సార్… ఆయన అబద్ధాలకోరు కాదని అచ్చు ఏయుండ్రి.”

నాకు వెంటనే వేసేయాలనిపించింది. సత్యనారాయణ గారికీ అనిపించే ఉంటుంది, కానీ ఆయన నియమం ఆయనది. మూడొందలు అచ్చు వేయాలంటే షీటు ఉండాలి, లేదా పేపరు మనిషి పన్నెండు బంతులూ చూసి సంతకం పెట్టాలి.

“షీట్లన్నీ అట్టపెట్టెలల్ల పెట్టి ఆడనే ఇడిసిన్రట. రేపు పొద్దుగాల సెల్లార్ ఖాళీ చేస్తరట సార్.”

“అయితే ఈ రాత్రికే చూడాలి. నరేందర్, వెళ్లి రావయ్యా.”

నరేందర్ మొహంలో నెత్తురు లేదు. పాపం, దెయ్యానికి భయపడుతున్నాడనుకుని నేను లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అతని భయం దెయ్యం గురించి కాదు. ఆ మంగళవారం కూడా పేజీ ప్రెస్సుకు పోయే రాత్రే. తొమ్మిది ఫ్రేములు చూశాడు, తొమ్మిదింటికీ పది పిన్నులూ పడ్డాయి. టైమ్ చూసుకున్నాడు. కామరాజు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటుండగా, వెనక కుర్చీలోంచి చప్పుడు కాకుండా లేచి వచ్చేశాడు. పట్టికలో ఖాళీ ఉండకూడదని సార్ పట్టు. చివరి ఫ్రేము చూడలేకపోతే అంచనా వేసి నింపేయడం మాకు అలవాటైపోయింది. నేనూ అలా ఎన్నో పెట్టాను, దాచి లాభం లేదు. పదో ఫ్రేములో ఎవడికైనా చెయ్యి వణుకుతుంది కదా అని 278 వేశాడు నరేందర్.

తర్వాత కామరాజు ఆఫీసుకొచ్చి నిలదీస్తే “నా కండ్లతోటి చూసిన” అన్నాడు. అందరి ముందూ అన్నాడు.

అందుకని ఆ రాత్రి అతను వెళ్లింది షీటు తేవడానికి కాదు… దొరికితే చింపేయడానికి.

పదకొండు దాటింది. రాజనర్సయ్య తాత తాళంచెవి ఇచ్చాడు గానీ మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

“జల్ది రా బిడ్డా. లోపట ఎవలన్న కనిపిస్తే… పలుకరియ్యకు.”

“ఎవలుంటరు తాతా?”

తాత అప్పటికే వెనక్కి తిరిగాడు.

నరేందర్ షట్టరు సగం ఎత్తి వంగి లోపలికి దూరాడు. తడిసి ఆరిన చెక్క వాసన. ఎవరెవరో తొడిగి విడిచిన బూట్ల వాసన. ఫోన్ లైటు పది అడుగులు దాటి పోవట్లేదు. అవతలంతా నలుపు…

కౌంటర్ పైన అరలో పెట్టె ఉంది. నీళ్లు అంత ఎత్తుకి రాలేదు. లోపల షీట్ల కట్టలు, నెలల వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి. కామరాజు ఆడిన నెల కట్ట విప్పాడు.

తెల్లగా ఉంది.

ఇంకోటి తీశాడు. అదీ తెలుపే. బస్సు టికెట్టు జేబులో నెలరోజులుంటే అక్షరాలు ఎలా పోతాయో, అలా — నాలుగేళ్ల కిందటి స్కోర్లన్నీ మాసిపోయాయి. ఒక్క అంకె లేదు.

చింపాల్సిన పని కూడా లేదు. ఇక ఎవరూ ఏమీ అనలేరు. పేపరు అతనిది, పేరు అతనిది.

“బతికిపోయిన,” అన్నాడు పైకే. నవ్వొచ్చిందట.

అప్పుడు —

గర్… ర్… ర్…

చెక్క మీద బరువైనదేదో దొర్లుతున్న చప్పుడు. ఫటేల్మని పిన్నులు పడ్డాయి.

నరేందర్ కదల్లేదు. పైన ఎవరో సామాను జరుపుతున్నారనుకున్నాడు. ఎలకలనుకున్నాడు. కానీ పదేళ్లుగా ఆ చప్పుళ్ల మధ్య బతికిన చెవులు అవి. తొమ్మిది పడి ఒకటి మిగిలితే ఒక చప్పుడు, పదీ కలిసి పడితే ఇంకో చప్పుడు. ఇది పదిది.

మళ్లీ గర్… ర్… ర్… మళ్లీ పది.

ఏడో లేన్ వైపు నుంచి.

మూడు. నాలుగు. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాడు. ఐదు… ఆరు… వెనక్కి వెనక్కి నడిచి షట్టరు దగ్గరికి వచ్చేశాడు. ఏడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎనిమిది.

తొమ్మిది.

ఆగిపోయింది.

అంతే. ఇంక చప్పుడు లేదు. ఎంతసేపు చూసినా లేదు. నరేందర్ ఒక కాలు షట్టరు బయట, ఒక కాలు లోపల.

“పోతే పోవచ్చు అక్కా,” అన్నాడు నాతో తర్వాత. “నన్ను ఎవ్వలు పట్టుకోలే. షట్టరు మూసుకపోలే. గదే నాకు మస్తు భయమైంది… పొమ్మన్నట్టే ఉండె. కానీ గా చీకట్ల ఎవలో ఊపిరి బిగవట్టుకోని ఉన్నరు.”

ఆ తర్వాత?

అక్కడితో ఆపేశాడు. ఎంత అడిగినా నాకు చెప్పలేదు.

తెల్లవారుజామున మూడున్నరకి ఆఫీసు మెట్ల మీద అడుగులు వినిపించాయి. సత్యనారాయణ గారు కుర్చీలో కునుకుతున్నారు. షీటు చూసే పోతానని భూలక్ష్మి స్టూలు మీద అలాగే కూర్చుని ఉంది, రాత్రంతా రెప్ప వేయలేదు. నరేందర్ లోపలికొచ్చి ఎవరి మొహమూ చూడకుండా నా బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. చేతిరాత. కామరాజు, మూడొందలు. సాక్షి, నరేందర్. అడుగున ఇంకో రెండు వాక్యాలు: ఇంతకుముందు అచ్చయిన 278 నేను ఊహించి వేసింది. కామరాజు చెప్పిందే నిజం.

“షీటు దొరికిందా?” సత్యనారాయణ గారు లేచారు.

“అక్షరాలన్నీ పోయినయ్ సార్. తెల్ల కాయితాలు.”

“మరి ఇదేంటి?”

“నేను చూసిన సార్. పన్నెండు చూసిన.”

“అప్పుడూ చూశాననే అన్నావు కదయ్యా!”

“అప్పుడు తొమ్మిదే చూసిన సార్… తక్కిన మూడు ఈ రాత్రి చూసిన.”

సత్యనారాయణ గారు దగ్గరికొచ్చి వాసన చూశారు. తాగలేదు. కళ్లలోకి చూశారు. ఆ చూపు ఎక్కువసేపు నిలబెట్టలేక ఆయనే తల తిప్పుకున్నారు.

“సుమశ్రీ గారూ… కింద వీడి పేరు తీసేయండి,” అన్నారు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ. పేపరుని కన్నబిడ్డలా పెంచిన మనిషి.

తీసేశాను. నరేందర్ ఆ పేరు వంక కూడా చూడలేదు.

“మరి రికార్డు?” అన్నాను.

“వేయండి.”

“తేదీ ఏం పెట్టమంటారు?”

నా వేళ్లు అంకెల మీదే ఉండిపోయాయి.

భూలక్ష్మి లేచి నరేందర్ ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా తప్పులేదు. ఆవిడ గొంతు మాత్రం పక్కనే ఉన్న నాకే వినపడీ వినపడనంత మెల్లగా వచ్చింది.

“తమ్మీ… ఎట్లున్నడు?”

నరేందర్ అప్పుడు తలెత్తాడు.

“తొమ్మిది అయినంక… ఎనకకు తిరిగి కుర్చీ దిక్కు చూసిండక్కా. నేను ఉన్ననా, లేచిపోయిన్నా అని.”

“ఉన్నవా?”

“పోయి కూసున్న అక్కా. అప్పుడు ఏసిండు.”