తెల్ల కంకరలో మూడు గీతలు

మంగళవారం సాయంత్రం 4.20. గల్ఫ్‌లోని అవాలి పట్నంలో, ఒక విల్లాలో పుస్తకం పోయిందని తెలిసింది.

విల్లా యజమాని హయాషి, జపాన్ ఇంజనీరు. ముప్పై ఏళ్లు భార్యతో కలిసి క్యోటో, నారాల్లోని పాత ఆలయాలూ తోటలూ తిరిగాడు. వెళ్లిన ప్రతి ఆలయంలో ఆ పుస్తకంలోనే ఎర్ర ముద్ర వేసి, కుంచెతో ఆలయం పేరు రాసి ఇచ్చేవారు. పక్క పేజీలో ఆయన అతికించుకున్న ఫొటో. భార్య పోయింది. పుస్తకం మిగిలింది.

సెక్యూరిటీ సూపర్‌వైజర్ ప్రేమయ్య 4.35కి వచ్చాడు. పుస్తకం ఉండే గదినీ, అద్దాల తలుపునీ, దాని అవతలి తోటనీ ఫోన్‌లో ఫొటోలు తీశాడు. తోటలో మొక్కలు లేవు. జపాన్ పద్ధతిలో తెల్ల కంకర, నాలుగు బండరాళ్లు, వాటి చుట్టూ గీసిన గీతలు.

"గదిలోకి ఎవరెళ్లారు?"

"నేనేనండి బ్రదర్. రెండింటికి తుడిచాను," అంది పనిమనిషి స్టెల్లా. ఇద్దరూ ఒకే తెలుగు చర్చి సంఘానికి వెళ్తారు.

"పుస్తకం ఉందా?"

"ఉందండి. తర్వాత వంటింట్లోనే ఉన్నాను."

ప్రేమయ్య తోట పనివాడు ముత్తన్న వైపు తిరిగాడు.

"నువ్వు?"

"పొద్దుగాల ఆరింటికి గీతలు గీసి పోయిన సారూ. మల్ల తోటల అడుగు పెట్టలే."

ప్రేమయ్య అందరి ముందూ స్టెల్లా పెట్టె విప్పించాడు. ఏమీ దొరకలేదు. అయినా రిపోర్టులో ఆమె పేరే రాశాడు. ఆమెను పనికి పెట్టిన ఏజెన్సీ గురువారం సాయంత్రానికి ఆమెను ఊరికి పంపే టికెట్ తీసింది.

గురువారం ఉదయం 9.10. రిపోర్టుకు ఫొటోలు జతచేస్తూ ఒకదాని దగ్గర ఆగాడు. దాన్ని పెద్దది చేసి చూశాడు.

పది గంటలకు హయాషినీ, స్టెల్లానీ, ముత్తన్ననీ వరండాలో కూర్చోబెట్టాడు.

"ముత్తన్నా, మంగళవారం దుమ్ము గాలి ఎప్పుడు ఆగింది?"

"మూడింటికి సారూ."

"ఫొటోలో గీతలన్నిటి మీదా దుమ్ముంది. పెద్ద రాయి చుట్టూ మూడు గీతలు మాత్రం తెల్లగా ఉన్నాయి. మూడింటి తర్వాత వాటిని గీసిందెవరు?"

ముత్తన్న లేచి వెళ్లి, రాయి పక్కన కంకర తవ్వి, పుస్తకం చుట్టిన ప్లాస్టిక్ కవరు తెచ్చాడు.

"రెండేండ్ల సంది గీతలు గీస్తున్న. అసలు జపాన్ తోట ఎట్లుంటదో పుస్తకంల సూద్దామని తీసిన. చేతులు తడిగ ఉండె. అచ్చరాలు అలుక్కపోయినయ్. భయమై పాతిపెట్టిన."

స్టెల్లా వైపు చూడలేక తల దించుకున్నాడు.

హయాషి పేజీలు తిప్పాడు. రెండు చోట్ల సిరా చెదిరింది. అడిగితే నేనే చూపించేవాణ్ని కదా అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా. స్టెల్లాను పనిలోనే ఉండమని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ప్రేమయ్య గేటు దాకా వెంట వెళ్లాడు.

"తప్పు నాదమ్మా. ఫొటో తీసిన రోజే సరిగ్గా చూడాల్సింది."

"ఆ మాట నాకెందుకండి? సంఘంలో చెప్పండి. వాళ్లంతా నన్ను దొంగనుకుంటున్నారు."

ఆ సాయంత్రమే, అదే టికెట్‌తో వెళ్లిపోయింది.

శుక్రవారం సంఘం ఆరాధనలో పాటలయ్యాక ప్రేమయ్య లేచి నిలబడ్డాడు. స్టెల్లా ఏమీ తీయలేదని, తాను తొందరపడి ఆమె బతుకుదెరువు పోగొట్టానని చెప్పాడు.

ముందు వరసలో లూర్దుమేరి అడిగింది, "స్టెల్లా ఊరి నంబరు ఉందా అన్నా? మాట్లాడదాం."

అతని దగ్గర లేదు.