పట్టుకున్నాను

గాజువాకలో మా ఫ్లాటు ఆఖరి అంతస్తులో ఉంది. పైన డాబా తప్ప ఏమీ లేదు. వెనకగదిలో సోల్డరింగు చేసుకుంటూ లోకాన్ని తిట్టుకుంటూ కూర్చోవడం నాకు హాయి. తిట్టుకోవడానికి మనుషులకేం కొదవ? సింథసైజర్ల వాళ్లనే తీసుకోండి. విదేశాల నుంచి డబ్బాలు తెప్పించుకుని, వాటి ముందు ఫొటోలు దిగి, మూత విప్పితే లోపల ఏముందో చెప్పలేని బడాయిరాయుళ్లు. నావి నేను చేత్తో చేసుకుంటాను.

అనలాగ్ సింథసైజర్ అంటే కరెంటుతో పాడే వాయిద్యం. లోపలికి వెళ్లే వోల్టేజి పెరిగితే స్వరం పైకి పోతుంది, తగ్గితే దిగుతుంది. అంతే విద్య. ఆ హెచ్చుతగ్గుల్ని ఒకసారి నేర్పిపెడితే గుర్తుపెట్టుకుని, తనంతట తాను మళ్లీ మళ్లీ పంపే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. కంట్రోల్ వోల్టేజి మాడ్యూల్ అంటారు. నేను తయారుచేస్తున్నది అదే. దానికి నేర్పడానికి ఒక చేతి లివరు కావాలి.

లివర్లకేం కరువు? పోర్టు పక్కన ఒక ప్రైవేటు యార్డులో క్రేన్ల ఎలక్ట్రానిక్సు బాగుచెయ్యడం నా ఉద్యోగం. అక్కడ లివరు నెడితే వోల్టేజి పెరిగి కొక్కెం లేస్తుంది, ఇక్కడ పాట లేస్తుంది. నాకు రెండూ ఒకటే. తుక్కులో పడేస్తున్న పాత లివరొకటి, పిడికి నల్లటేపు చుట్టినది, అడిగి తెచ్చుకుని డబ్బాకి తగిలించాను.

ఆ రోజు వాయుగుండం. పొద్దు గుంకకముందే ఊరంతా మసకబారింది. కిటికీలోంచి తడి ఇనుము వాసన వస్తోంది. హాల్లో మా ఆవిడ హిమబిందు చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. డ్యూటీకి వెళ్తూ దాని తమ్ముడు నాగవంశీ వచ్చాడు. వీడు మా యార్డులోనే క్రేన్ ఆపరేటరు. గదిలోకి తల పెట్టినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బావా... ఆ లివరు ఎక్కడిది?"

"తుక్కులోది."

"ఆ నల్లటేపు శ్రీరామ్మూర్తి మావయ్య సుట్టినాడు. నా కళ్లముందే సుట్టినాడు."

నాకు నవ్వొచ్చింది. ఈ ఆపరేటర్ల పటాటోపం మీకు తెలీదు. ఎత్తున గాజుగదిలో కూర్చుని లివరు అటూ ఇటూ కదపడం వీళ్ల పని. డ్యూటీ దిగేవాడు దాన్ని ఊరికే వదలడు. ఎక్కినవాడు ఆ చేతి మీద చెయ్యి వేసి "పట్టుకున్నాను" అనాలి. అప్పుడు గానీ పాతవాడు తన చెయ్యి లాక్కోడు. కొక్కేనికి ఏమీ లేకపోయినా ఇదే తంతు. పెళ్లిపీటల మీద కూడా ఇంత శ్రద్ధగా చెయ్యి పట్టుకోరు.

శ్రీరామ్మూర్తీ ఆపరేటరే. కొక్కేనికి బరువు వేలాడుతుండగానే గుండె ఆగి సీట్లో పోయాడు. కింద మనుషులున్నారట. అందరూ తప్పుకునేదాకా ఆ చెయ్యి లివరు వదల్లేదట. బరువుని ఆపింది బ్రేకురా, శవం చెయ్యి కాదు అని అప్పుడే చెప్పాను. వింటేగా. ఆ లివరు ముట్టుకునేది లేదని ఆపరేటర్లంతా భీష్మించుకు కూర్చున్నారు. యాజమాన్యం విసిగిపోయి దాన్ని మార్చి తుక్కులో పడేసింది.

"ఆయన సేతిలోంచి ఎవలూ తీసుకోలేదు బావా," అన్నాడు వంశీ గొంతు తగ్గించి. "ఇంటిలో ఎట్టకు. తీసీ బేగి."

"కూర్చో. మీ మావయ్య చేత పాడిస్తాను," అని స్విచ్చి వేశాను. డబ్బాలో మెమొరీ చిప్పు కొత్తది. ఇంకా ఏమీ నేర్పలేదు. మూగగా ఉండాలి.

స్పీకరులోంచి సన్నగా ఒక స్వరం మొదలైంది. నెమ్మదిగా పైకి లేచింది. ఒకచోట ఆగింది. ఇంక కదల్లేదు. జాగ్రత్తగా వింటే అందులో చిన్న వణుకు ఉంది. బిందె మోసుకుంటూ చాలాసేపు నిలబడ్డ చేతికి వస్తుందే, అలాంటి వణుకు.

ఎక్కడో టంకం వదులైంది, అంతే. చిప్పు పీకేశాను. స్వరం ఆగలేదు. మీటరు తీసి లివరు తీగల మీద పెట్టాను. ఎవరో ముందుకి నెట్టి పట్టుకున్నంత వోల్టేజి చూపిస్తోంది. లివరు వైపు చూశాను. నిజంగానే ముందుకి వంగి ఉంది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు...

గదిలో లవంగాల వాసన వేసింది.

"మావయ్య లవంగం నమిలీవోడు," అన్నాడు వంశీ. గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు. "బరువు ఇంకా పట్టుకునే ఉన్నాడు బావా. అలిసిపోయినాడు."

వాడి భయం చూస్తే నాకు ఒళ్లు మండింది. ఈ చాదస్తం ఇవాళతో వదిలించాలనుకున్నాను. లివరు మీద చెయ్యి వేసి, నాటకాల్లోలాగ గొంతు పెంచి అన్నాను.

"పట్టుకున్నాను శ్రీరామ్మూర్తీ. ఇంక దిగు."

నా అరచేతి కింద చల్లగా ఏదో కదిలింది. వేళ్లు. ఒక్కొక్కటే జారి... వెళ్లిపోయాయి.

లవంగాల వాసన పోయింది. లివరు బరువెక్కింది. భయమేసి కొంచెం సడలించాను. స్వరం ఒక్కసారిగా కిందికి జారింది. హాలు కప్పు మీద పెద్దగా కిర్రుమంది.

"ఏటండీ," హాల్లోంచి హిమబిందు. "డాబా మీద ఎవులు ఏటి లాగుతన్నారు? నా నెత్తిమీద సున్నం రాల్తంది."

"లేచి వంటింట్లోకి పో!"

చెప్పులు టపటపలాడాయి. కిర్రుమనే చప్పుడు హాలు మీంచి బయలుదేరింది. నడవా మీదుగా వచ్చింది. వంటింటి మీద ఆగింది.

"ఇక్కడా రాల్తందండీ..."

"వదలకు బావా," వంశీ గుసగుసగా అన్నాడు. "నెమ్మదిగా దింపు."

లివర్లు బాగుచెయ్యడమే గానీ బరువు దింపడం నేనెప్పుడూ నేర్చుకోలేదు. అదొక విద్యా అనుకున్నాను. లివరుని ఒక్కచోట నిలపలేకపోతున్నాను. స్వరం వణుకుతోంది. వంటింట్లో పెచ్చు ఊడి గిన్నెల మీద పడింది.

వంశీ గోడ వదిలి వచ్చాడు. నా చేతి మీద చెయ్యి వేశాడు.

"పట్టుకున్నాను," అన్నాడు.

నేను చెయ్యి లాగేసుకున్నాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు. వెంటనే వంగి ప్లగ్గు పీకేశాను. స్వరం తెగిపోయింది. ఇల్లంతా వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అయిపోయింది. ఇంక వదులు."

"నువ్వాపింది సౌండు బావా... బరువు నా సేతిలోనే ఉంది."

"అయితే ఎక్కడో అక్కడ దింపెయ్."

"ఎక్కడ దింపమంటావు? ఎటు తిప్పినా అక్క దాని కిందే ఉంతంది."

వాడి పిడికిట్లోంచి లివరు లాగి, సుత్తితో ముక్కలు చేసి ఫిషింగ్ హార్బరు దగ్గర సముద్రంలో పారేశాను. వంశీ చెయ్యి మాత్రం లివరు పట్టుకున్నట్టే గాల్లో ఉండిపోయింది. నరాల జబ్బన్నాడు డాక్టరు. నేనూ అదే అంటాను. ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఎలమంచిలిలో మా అత్తవారింటి అరుగు మీద కూర్చుని ఉంటాడు. మా ఆవిడా అక్కడే ఉండి వాడికి అన్నం కలిపి తినిపిస్తోంది. నిద్రపోతే చెయ్యి జారుతుందని వాడి భయం. కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉంటాయి.

నేను వెళ్లినప్పుడల్లా, ఆవిడ వినకుండా అడుగుతాడు. "బావా, ఒక్క రేతిరి పట్టుకుంతావా? కునుకు తీత్తాను." ఏం మూఢనమ్మకంరా అని కసురుకుని చేతులు జేబులో పెట్టుకుంటాను. బస్సు టైమైందంటాను.

చెప్పాల్సింది ఇంకొకటుంది. ఎండలో హిమబిందు పెరట్లోకి వస్తే దాని చుట్టూ నలుచదరంగా నీడ పడుతుంది. పైన చెట్టు లేదు, తీగ లేదు. అది నడిస్తే నీడా నడుస్తుంది. చల్లగా ఉందంటుంది తను, అంతకంటే పట్టించుకోదు.

ఎత్తున ఉన్న వస్తువు నీడకి అంచు చెదిరి పలచగా ఉంటుంది. వస్తువు కిందికి దిగేకొద్దీ అంచు తేటపడుతుంది. ఇది దెయ్యం కాదు, లెక్క. మొదట్లో ఆ నీడ ఎక్కడ మొదలయ్యేదో తెలిసేదే కాదు. ఇవాళ మధ్యాహ్నం తను బట్టలు ఆరేస్తుంటే చూశాను. అరుగు మీద వంశీ తల వాలిపోతోంది. హిమబిందు కాళ్ల చుట్టూ నీడ అంచు, సుద్దతో గీత గీసినట్టుంది.