చిల్లులు పూడ్చిన స్పీకర్లు

మా ఇంట్లో ముక్కు ఉన్నది నాకొక్కదానికే. మా ఆయన ముక్కు కళ్ళజోడు నిలబెట్టడానికి, అత్తయ్య ముక్కు ఆయాసంతో కుస్తీ పట్టడానికి సరిపోతాయి. గోడ వెనక ఎలుక చచ్చినా, సీసాలో నూనె మక్కినా ముందు తెలిసేది నాకే. చెప్తే "నీదంతా చాదస్తం" అంటారు వాళ్ళిద్దరూ.

మా ఆయన పాత రేడియోలు బాగుచేస్తారు. వీధి చివర చిన్న కొట్టు. అందులో పట్టని సరుకంతా మా ముందుగదిలోకి వస్తుంది. ఆ రోజు పొద్దున్నే పాత సామాన్లవాడి బండి మీంచి ఒక జత స్పీకర్ పెట్టెలు దిగాయి. ఒక్కోటి నా నడుమెత్తు, మంచి టేకు. మోసుకొచ్చిన ఇద్దరూ వాటిని దింపి, సబ్బు అడిగి మరీ తీసుకుని మోచేతుల దాకా కడుక్కున్నారు. దుమ్ము అంటితే ఎవరూ అంత కడుక్కోరు.

"జత చెడకుండా దొరికాయి! ఇలాంటివి ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?" అన్నారు మా ఆయన, పెట్టె వీపు నిమురుతూ.

"కంపు కొడుతున్నాయి."

"పాత చెక్క వాసనే అది."

చెక్క వాసన నాకు తెలీదా? అది నోటి వాసన. ఎన్నో రోజులుగా కడగని నోటితో ఎవరో చెవి దగ్గరికొచ్చి రహస్యం చెప్తున్నట్టుంది. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అత్తయ్య కూడా చూడ్డానికి వచ్చింది. ఆయాసం ఆవిడ ఛాతీని పట్టుకుంది గానీ నోటిని పట్టుకోలేకపోయింది. మధ్యలో ఆగి, గాలి తీసుకుని మరీ తిడుతుంది. పొద్దున లేస్తే మా ఇద్దరికీ గొడవే. అయినా నాకు జ్వరమొస్తే తల ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నది ఈవిడే, నన్ను కన్నావిడ కాదు. ఆవిడ ఊపిరితిత్తులు ఇంకో గట్టి దెబ్బ తట్టుకోలేవని డాక్టరుగారు అంతకు ముందే హెచ్చరించారు. అప్పటి నుంచీ ఇంట్లో అగరొత్తి కూడా వెలిగించనివ్వడం లేదు నేను.

పెట్టెల వెనక, కింది అంచు దగ్గర చిల్లులున్నాయి. తయారుచేసినవాళ్ళు పెట్టినవి కావు. తర్వాత ఎవరో చేత్తో వంకరటింకరగా పొడిచినవి.

"ఎవడో లోపల... కోడిపిల్లను దాచాడేమోరా," అంది అత్తయ్య, రొప్పుతూ. "దానికి గాలాడాలని పొడిచుంటాడు."

మా ఆయన నవ్వలేదు. పని దగ్గర ఆయనకు వేళాకోళం పనికిరాదు. "ఇది గాలి చొరబడని పెట్టె అమ్మా. లోపలి గాలి లోపలే ఉండాలి. చిల్లు పడిందంటే బేస్ పోయినట్టే. ఎవడో బుద్ధిలేనివాడు చేసిన పని. ముందు వీటిని పూడ్చాలి."

మొదటి పెట్టెలోంచి స్పీకర్ ఊడదీశారు. శబ్దం చేసే కాగితపు గిన్నె ఉంటుంది, వాళ్ళు కోను అంటారు. దాని చుట్టూ ఉండే స్పాంజి పట్టీ ఎప్పుడో కుళ్ళి నల్లటి జిగురైపోయింది. దాన్ని నా వంటింటి చెంచాతో గీకారు ఆ మహానుభావుడు. చెంచా లేపితే తీగలుగా సాగింది. ఆ చెంచాను మళ్ళీ నా సింకులో వేశారు. పట్టకారుతో పట్టుకుని తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను.

తర్వాత చెయ్యి భుజం దాకా పెట్టెలోకి దూర్చి దూదిని లాగారు. ప్రతిధ్వని రాకుండా లోపల కుక్కే దూది అది. బూడిదరంగు ముద్దలు, ముద్దకీ ముద్దకీ మధ్య వెంట్రుకల్లాంటి దారాలు. ఒక ముద్ద జారి నా పాదం మీద పడింది. తడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది. కాలు కడుక్కోవడానికి స్నానాలగదికి పరిగెత్తాను.

"పారేయండి దాన్ని!" అని అక్కణ్ణించే అరిచాను.

"పారేస్తే అసలు సరుకెలా అవుతుంది? తీసినదంతా మళ్ళీ అందులోకే పోవాలి. లేకపోతే పాత గొంతు రాదు."

ఉడుంపట్టు మనిషి. దూదినంతా తీసుకెళ్ళి పెరట్లో దండెం మీద, నా దిండు గలీబుల పక్కన ఆరేశారు. సాయంత్రం దాకా మాడ్చే ఎండ. గలీబులు అప్పడాల్లా పెళపెళలాడాయి. దూది మాత్రం ఆరలేదు. దాని మీద ఈగ వాలి, వాలినంత వేగంగా లేచిపోయింది. గలీబులు నేను మళ్ళీ ఉతుక్కున్నాను.

ఆ తడి దూదినే లోపల కూరి, చిల్లుల్లో రంపపు పొట్టూ జిగురూ కలిపి దట్టించి, కోనుకి కొత్త రబ్బరు పట్టీ అంటించారు. మర్నాడు స్పీకర్ బిగించి, నన్ను పిలిచారు.

"ఇటు చూడు. కోనుని ఇలా లోపలికి నొక్కి వదిలెయ్యాలి. గాలి పోతుంటే టక్కున లేస్తుంది. పోకపోతే మెల్లగా లేస్తుంది."

నొక్కి వదిలారు. కోను మెల్లగా... చాలా మెల్లగా పైకి లేచింది. మా ఆయన మొహం వెలిగిపోయింది. స్క్రూలు ఏరుకోవడానికి వంగారు.

ఎవరూ నొక్కకుండా కోను మళ్ళీ లోపలికి వెళ్ళింది.

లోపలి గదిలో అత్తయ్య దగ్గు మొదలుపెట్టింది.

నేను చూసింది చెప్తే, "రబ్బరు కుదురుకుంటోందిలే" అన్నారు. రెండో పెట్టెను కూడా అలాగే మూసేశారు. ఆ రోజే అత్తయ్య మంచం పట్టింది. పీల్చే మందు పనిచెయ్యలేదు. గొట్టం నోట్లో పెట్టుకుని పీలుస్తుంది, గాలి గొంతు దాటదు. తిట్లు ఆగిపోయాయి. నన్ను భయపెట్టింది అదే. డాక్టరుగారు ఊళ్ళో లేరు. మర్నాటికి తగ్గకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్దామనుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన కారు మాట్లాడటానికి వెళ్ళారు. బయట ఒకటే వాన. కరెంటు లేదు. ఫ్యాను ఆగిపోయాక ఇంట్లో ఉన్న చప్పుళ్ళన్నీ బయటపడ్డాయి. చూరు నీళ్ళు. గోడ గడియారం. ముందుగదిలోంచి ఊపిరి.

నేను అత్తయ్య మంచం పక్కనే కూర్చున్నాను. ఆవిడ నోరు తెరుచుకుని ఉంది. చప్పుడు ఆవిడది కాదు.

గుమ్మం తెర తొలగించి ముందుగదిలోకి వెళ్ళాను. ఆ కంపు ఇప్పుడు తడిసి, చిక్కబడి, నాలుక మీద కూర్చుంది. ఏ తీగా తగిలించని రెండు పెట్టెలు గోడవారగా ఉన్నాయి. రెండు కోనులూ కలిసి లోపలికి వెళ్తున్నాయి... కలిసి బయటికి వస్తున్నాయి. నల్లటి కాగితం మీద చిన్న చిన్న తుంపర్లు. నేను చూస్తుండగా ఒక తుంపర జారి, కొత్త రబ్బరు అంచు మీద చొంగలా వేలాడింది.

కోను లోపలికి వెళ్ళినప్పుడల్లా వెనక గదిలో అత్తయ్య ఎగశ్వాస తెగిపోతోంది.

కోడిపిల్ల కాదు. కానీ ఎవరో గాలాడాలనే పొడిచారు ఆ చిల్లులు. లోపలున్నది గాలి కోసం ఇంట్లో వాళ్ళ మీద పడకుండా పొడిచారు. మేం పూడ్చేశాం.

స్క్రూడ్రైవర్ అందుకున్నాను. పెట్టెను పక్కకి జరపబోతే అరచేతికి చెక్క మెత్తగా తగిలింది. అయినా జరిపాను. మొదటి చిల్లులో పొడిచాను. జిగురు పెళ్ళ ఊడింది. రెండోది. మూడోది. స్క్రూడ్రైవర్ జారి పడింది. వెతికే ఓపిక లేదు. వేలు పెట్టి తోశాను.

లోపల ఏదో నా వేలిని పట్టుకుంది.

పళ్ళు లేవు. మెత్తగా, వెచ్చగా... చప్పరించింది.

అరవలేదు. అరవాలంటే ఊపిరి తీసుకోవాలి, ఆ గదిలో గాలి నాకు అక్కర్లేదు. వేలు లాక్కుని, కింద పడ్డ స్క్రూడ్రైవర్ తడిమి పట్టుకుని, రెండో పెట్టె వీపంతా కసిగా పొడిచాను.

"అత్తయ్యా... అత్తయ్యా, పీల్చండి..."

పెట్టెల్లోంచి ఒక్కసారిగా ఊపిరి బయటికొచ్చింది. పొడుగ్గా. నా మొహం మీంచి, చెవుల పక్కనుంచి వెళ్ళింది. గుమ్మానికున్న తెర, వెనక గదివైపు ఉబ్బింది. కాసేపలా ఉబ్బే ఉంది. తర్వాత మామూలుగా వేలాడింది.

వెనక గదిలో అత్తయ్య గుండె నిండా గాలి పీల్చింది.

నేను వెళ్ళేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉంది. "ఏంటే అలా చూస్తావు? ఆకలేస్తోంది," అంది. ఒక్క గుక్కలో, మధ్యలో ఆగకుండా. ఆవిడ కాళ్ళ మీద పడి ఏడ్చాను. ఏడుస్తూనే వేలు కొంగుకి తుడుచుకున్నాను.

మా ఆయన పెట్టెల్ని చూసి లబోదిబోమన్నారు. "ఎంత పని చేశావే!" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూలుగుతూనే పాత సామాన్లవాడికి తిరిగి ఇచ్చేశారు. పెట్టెలు బండెక్కేటప్పుడు నేను చిల్లుల్లోంచి లోపలికి తొంగిచూశాను. దూది ఎండిపోయి, పొడిపొడిగా ఉంది. కంపు లేదు. మామూలు చెక్క.

అత్తయ్యకు ఆయాసం పోయింది. తగ్గడం కాదు, పోయింది. మేడమెట్లు ఎక్కి దిగుతోంది. పీల్చే మందు బల్లసొరుగులో పడి ఉంది. నన్ను ఆగకుండా తిడుతోంది. అన్నం తింటూ కూడా గుక్క తిప్పుకోదు. అంతకంటే ఏం కావాలనుకున్నాను.

డాక్టరుగారు ఊరి నుంచి రాగానే చూపించడానికి తీసుకెళ్ళాను. ఆవిడ నడిచి రావడం చూసి ఆయన కుర్చీలోంచి లేచారు.

"ఏం మందు వాడారమ్మా? నాకూ చెప్పండి," అని నవ్వుతూ స్టెతస్కోపు పెట్టారు. "గట్టిగా పీల్చండి... ఆఁ. ఇప్పుడు బిగబట్టండి."

అత్తయ్య పెదాలు మూసి, బుగ్గలు పూరించి, కళ్ళతో నన్ను వెక్కిరించింది.

డాక్టరుగారు వింటున్నారు. ఆయన నవ్వు మెల్లగా పోయింది. స్టెతస్కోపు ఇంకోవైపుకి జరిపారు. "బిగబట్టమన్నాను కదమ్మా."

అత్తయ్య బిగబట్టే ఉన్నానని తలూపింది. ఆయన తన చెవుల్లోంచి గొట్టాలు తీసి, నా చెవుల్లో పెట్టారు.

లోపల ఊపిరి ఆడుతోంది. తొందర లేకుండా, హాయిగా. అత్తయ్య ఛాతీ కదలడం లేదు. నేను "అమ్మో" అన్నాను, చాలా చిన్నగా. లోపలి ఊపిరి చటుక్కున ఆగింది. గొట్టానికి అటువైపు ఎవరో చెవి ఒగ్గినట్టు నిశ్శబ్దం.

"చాలమ్మా," అన్నారు డాక్టరుగారు. "ఇక వదిలెయ్యండి."

అత్తయ్య మూసిన పెదాలతోనే నవ్వుతూ మా ఇద్దరినీ చూస్తూ కూర్చుంది. వదల్లేదు.